సముద్రం లేని ఊరి నుంచి అలల మీదకి

అభివృద్ధి చెందుతున్న ఉష్ణమండల దేశానికి సర్ఫింగుకి వెళ్ళేవాళ్ళకి సలహాలు కావాలని వెతికితే ఇంగ్లీషులో కుప్పలుతెప్పలుగా దొరుకుతాయి. ఎక్కువభాగం ఆస్ట్రేలియా వాళ్ళో, కాలిఫోర్నియా వాళ్ళో రాసినవి. ఓ ఇరవై చదివి సారాంశం తీస్తే ఇదీ వరస: కుళాయి నీళ్ళు తాగొద్దు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, టార్చిలైటు దగ్గరుంచుకోండి. రోడ్ల మీద ఆవులూ కుక్కలూ తిరుగుతుంటాయి, కంగారు పడకండి. బస్సు చెప్పిన టైముకి రాదు. టాయిలెట్లో కాగితం ఉండదు, చెంబు ఉంటుంది. ఎవరు ఏ ధర చెప్పినా సగానికి అడగండి.

ఇదంతా చదివాక నాకు తెలిసొచ్చింది ఏంటంటే, నేను పుట్టినప్పటి నుంచీ ఆ దేశంలోనే ఉంటున్నాను. మా ధర్మవరంలో మే నెల గడిపిన ఎవడికైనా ఈ గైడ్లన్నీ కంఠతా వచ్చేసినట్టే!

విషయం ఏంటంటే, ఆఫీసులో నలుగురం కలిసి శ్రీలంకకి సర్ఫింగు ట్రిప్పు వేస్తున్నాం. బెంగుళూరులో సాఫ్టువేరు వాళ్ళకి ఇప్పుడిదో జబ్బు. ట్రెక్కింగు అయిపోయింది, బుల్లెట్టు మీద లడఖ్ అయిపోయింది, మారథాన్ అయిపోయింది, ఇక మిగిలింది సముద్రం. మా నలుగురిలో ఒకడిది కాకినాడ, ఒకడిది కరీంనగర్, ఇంకొకడిది హిందూపురం. ప్లాను వేసే పని నా నెత్తిన పడింది. ఎక్సెల్ షీటు ఓపెన్ చేసిన వాడిదే బాధ్యత అనేది మన ఇండస్ట్రీలో ఎప్పటి నుంచో ఉన్న రూలు కదా. ఆ షీటు నింపుతూ తెలుసుకున్నవీ, ఆలోచించినవీ ఇక్కడ పెడుతున్నాను. ఇలాంటి ప్లాను మీకూ ఉంటే పనికొస్తాయి.

ముందుగా సీజను సంగతి. మా కరీంనగర్ మిత్రుడు ఏదో వీడియో చూసి "డిసెంబరు చివరి వారం అరుగం బే పోదాం, ఆఫీసుకి ఎలాగూ సెలవులు" అన్నాడు. అరుగం బే అంటే శ్రీలంక తూర్పు తీరంలో, అంపారా జిల్లాలో పొత్తువిల్ పక్కనున్న చిన్న ఊరు. సర్ఫింగు చేసేవాళ్ళ లోకంలో దానికి పెద్ద పేరు. అయితే డిసెంబరులో అక్కడికి వెళ్తే అలల బదులు వాన దొరుకుతుంది. ఆ తీరానికి సీజను ఏప్రిల్, మే నుంచి అక్టోబరు దాకా. నైరుతి, దక్షిణ తీరాలైన వెలిగమ, మిరిస్స, హిక్కడువలకి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఒకే చిన్న ద్వీపం, రెండు వైపులకీ రెండు వేర్వేరు క్యాలెండర్లు!

ఎందుకలా అని తవ్వితే నాకు భలే ఆశ్చర్యం వేసింది. కారణం వర్షచ్ఛాయ. అనంతపురం జిల్లాలో చదువుకున్న వాళ్ళకి ఆరో తరగతి సోషల్లోనే ఈ మాట గుండెల మీద రాసేస్తారు. నైరుతి ఋతుపవనాలు తెచ్చిన నీళ్ళన్నీ పడమటి కనుమల అవతలే కుమ్మరించేసి, చేతులు దులుపుకుని మా దగ్గరికొస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు కోస్తా దాటి వచ్చేసరికి అలిసిపోతాయి. అటూ ఇటూ మిగిలింది కలిపితే మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. శ్రీలంక నడుమ కొండలు కూడా సరిగ్గా అదే పని చేస్తాయి. జూన్, జులైల్లో కొలంబో వైపు వాన దంచుతుంటే తూర్పు తీరం ఎండగా ఉంటుంది. అప్పుడు గాలి కొండల మీదుగా నేల నుంచి సముద్రం వైపుకి వీస్తుంది. సర్ఫింగుకి కావలసింది అదే. ఎదురొచ్చే అల ముఖాన్ని ఆ గాలి నిలబెట్టి, నున్నగా దువ్వినట్టు చేస్తుంది. అంటే మమ్మల్ని తరతరాలుగా ఎండబెట్టిన లెక్కే వాళ్ళకి టూరిస్టుల్ని తెచ్చిపెడుతోంది అన్నమాట!

పేరు సంగతి కూడా వినండి. తమిళంలో అరుగం పుల్లు అంటే గరిక. కాబట్టి అరుగం బే అంటే గరిక అఖాతం. కరువొచ్చినా చావని గడ్డి పేరు సముద్రపు ఊరికి పెట్టుకున్నారు చూడండి, అక్కడే నాకు ఆ ఊరితో చుట్టరికం కలిసిపోయింది.

ఇక అలలు ఎక్కడి నుంచి వస్తాయి? పక్కనే వీచే గాలి వల్ల అనుకునేవాణ్ణి. కాదట. మంచి అలలు పుట్టేది అయిదారు వేల కిలోమీటర్ల దూరంలో, దక్షిణ మహాసముద్రపు తుఫానుల్లో. అక్కడ లేచిన ఉబ్బు మధ్యలో అడ్డం లేకుండా లంక దాకా వస్తుంది. లెక్క కట్టి చూశాను. అలకీ అలకీ మధ్య 14 సెకన్లు ఉంటే ఆ గుంపు మొత్తం గంటకి 40 కిలోమీటర్ల లోపు వేగంతో కదులుతుంది. అంటే మా పాకాల ప్యాసింజరు వేగం! అంత దూరం రావడానికి సుమారు ఆరు రోజులు. అందుకే ఇంటర్నెట్లో అలల ఫోర్‌కాస్టు వారం ముందు దాకా కొంచెం నమ్మచ్చు. అది జోస్యం కాదు, బయల్దేరిన బండి ఎప్పుడొస్తుందో చెప్పడమే. ఫోర్‌కాస్టులో ఎత్తు ఒక్కటే చూడకుండా ఆ సెకన్ల లెక్క కూడా చూడాలి. ఒకటే ఎత్తున్నా 6 సెకన్ల అల వేరు, 14 సెకన్ల అల వేరు. రెండోదాని వెనక చాలా బలం ఉంటుంది.

దక్షిణార్ధగోళంలో మన వేసవీ వర్షాకాలాల నెలల్లో చలికాలం కనక తుఫానులు అప్పుడే బలంగా ఉంటాయి, అరుగం బే అలలు కూడా. కొత్తవాళ్ళకి అంత బలం అక్కర్లేదు. డిసెంబరే కావాలంటే వెలిగమ నయం. అడుగున ఇసుక, అలలు చిన్నవి, కొలంబో నుంచి రెండున్నర గంటల్లోపు. అరుగం బేకి కొలంబో నుంచి రోడ్డు మీద 320 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. పైగా అక్కడి మెయిన్ పాయింటులో అడుగున రాళ్ళు. నేర్చుకునేవాళ్ళ కోసం బేబీ పాయింటు అని ఒకటి వేరే ఉంది, పేరు వినడానికి నామోషీ అయినా మాలాంటి వాళ్ళ చోటు అదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈత.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ అన్న మాట ఇది: "ఏమిరా, చెంబుడు నీళ్ళ కోసం బోర్లు ఏపిచ్చిన వంశం మనది. నువ్వు సముద్రంలో పలక మీద నిలబడేకి పోతాండావా? ఈతన్నా వచ్చునా నీకు?" నవ్వుకున్నాను కానీ, ఆ ప్రశ్న మాత్రం చాలా పెద్దది.

ధర్మవరం నుంచి నేరుగా తూర్పుకి గీత గీస్తే నెల్లూరు దగ్గర సముద్రం తగలడానికి 260 కిలోమీటర్లు. పడమటికి గీస్తే 360 దాకా. మాకు సముద్రమంటే ఊరి చెరువే. క్రియాశక్తి ఒడయరు కట్టించాడనీ, ఆయన తల్లి ధర్మాంబ పేరే ఊరికి వచ్చిందనీ చెప్తారు. అయినా మా నాన్న తరానికి ఈత వచ్చు. ఎందుకంటే అప్పుడు తోటకో బావి ఉండేది. నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావిలోకి తోసేస్తే, వారం రోజుల్లో పిల్లోడు చేపయ్యేవాడు. ఆ తర్వాత బోర్లొచ్చాయి. రెండొందల అడుగులు, అయిదొందలు, ఎనిమిదొందలు అనుకుంటూ లోపలికి పోయాయి, బావులు ఎండిపోయాయి. నా తరానికి బావి అంటే పిల్లలు పడకుండా ముళ్ళకంప వేసిన గొయ్యి. భూగర్భజలం పోతే పంటలు పోతాయని అందరూ రాస్తారు, నిజమే. దాంతోపాటు ఒక ప్రాంతం మొత్తానికి ఈత పోయిందని ఎవరూ రాయరు.

ఫలితం చూడండి. సూర్యలంకలోనో, విశాఖ ఆర్కే బీచిలోనో విద్యార్థులు మునిగిపోయారన్న వార్త ఏడాదికి ఎన్నిసార్లు చదువుతున్నాం? వాళ్ళలో చాలామంది సముద్రానికి దూరపు ఊళ్ళ నుంచి సరదాగా వచ్చినవాళ్ళే. అపార్టుమెంటు స్విమ్మింగు పూల్లో నాలుగడుగుల నీళ్ళలో ఆ గట్టు నుంచి ఈ గట్టుకి కొట్టుకుని, వచ్చేసింది అనుకుంటాం. అది ఈత కాదండీ, తడవడం.

సముద్రంలో ప్రాణం తీసేది ఎక్కువగా అల కాదు, వెనక్కి లాగే ప్రవాహం. దీన్ని రిప్ కరెంటు అంటారు. అలలు ఒడ్డుకి తోసిన నీళ్ళు తిరిగి వెళ్ళడానికి ఒక సన్నటి దారి చూసుకుంటాయి. ఆ దారిలో అలలు విరగవు, నురగ ఉండదు, నీళ్ళు ప్రశాంతంగా కొంచెం ముదురు రంగులో కనిపిస్తాయి. కొత్తవాడు "ఇక్కడ అలలు లేవు, సేఫ్" అనుకుని సరిగ్గా అందులోకే దిగుతాడు. ఒక్కోసారి అది ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేనంత వేగంతో లాగుతుంది. చెయ్యాల్సింది ఒడ్డు వైపు కొట్టుకోవడం కాదు. తేలుతూ ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. దారి సన్నటిది కనక కాసేపటికి బయటపడతాం, అప్పుడు అలలతో పాటు ఒడ్డుకి రావచ్చు. పలక కాలికి తాడుతో కట్టి ఉంటుంది, అది తేలుతుంది కాబట్టి దాన్ని వదలకూడదు. కానీ తాడు తెగదన్న గ్యారంటీ లేదు.

అందుకని మా షీటులో మొదటి వరస టిక్కెట్లు కాదు, ఈత. లోతు నీళ్ళలో ఆగకుండా 200 మీటర్లు ఈదడం, ఏమీ పట్టుకోకుండా పది నిమిషాలు తేలడం. ఈ రెండూ చేసి చూపించనివాడి టిక్కెట్టు బుక్ చెయ్యను అన్నాను. ఇది నేను పెట్టుకున్న కొలత, ఏ సంస్థదీ కాదు. కాకినాడ వాడు మొదటి రోజే పాసయ్యాడు. హిందూపురం వాడూ నేనూ మూడు నెలలుగా పొద్దున్నే ఆరింటికి పూల్లో ఉంటున్నాం. కరీంనగర్ వాడు "ఇదేంటి బాసూ, ఎంసెట్టు పెట్టినట్టు పెట్టావ్" అని సణుగుతూనే వస్తున్నాడు.

రెండో వరస, రిహార్సలు. ఒక్కసారి కూడా పలక ఎక్కకుండా డాలర్లు ఖర్చు పెట్టుకుని విదేశం పోవడం ఎందుకు? బెంగుళూరు నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దునకి మంగుళూరు, దాని పక్కనే ముల్కి. అక్కడి మంత్రా సర్ఫ్ క్లబ్బు 2004లో మొదలైంది. పెట్టినాయన అమెరికా నుంచి వచ్చిన సన్యాసి, సర్ఫింగ్ స్వామి అనే పేరుంది. చెన్నై పక్కన కోవళంలో మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు తన ఊరి పిల్లలకి నేర్పించడం మొదలుపెట్టాక ఆ ఊరు సర్ఫింగు ఊరయిపోయింది. మన విశాఖలోనూ అలలున్నాయి, నేర్చుకునే కుర్రాళ్ళూ ఉన్నారు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగు పోటీల్లో రమేష్ బుడిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత విభాగంలో మన దేశానికి అదే మొదటి పతకం. కాబట్టి ఇది తెల్లవాళ్ళ ఆట, మనకెందుకు అనుకోనక్కర్లేదు. ముల్కిలో రెండు వారాంతాలు గడిపితే మనకిది సరిపడుతుందో లేదో తక్కువ ఖర్చులో తేలిపోతుంది.

మూడో వరస, కాగితాలు. వీసాకి ఆన్‌లైన్లో ఈటీఏ పెట్టాలి. శ్రీలంక ప్రభుత్వపు సైటు ఒక్కటే ఉంది, సెర్చిలో పైన కనిపించే మిగతావి కమిషను దుకాణాలు. 2023 నుంచి ఫీజులూ నిబంధనలూ చాలాసార్లు మారాయి, కనక టిక్కెట్టు కొనే రోజున మళ్ళీ చూసుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ తప్పకుండా చదవండి. చాలా పాలసీల్లో సాహస క్రీడలు వర్తించవని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం వందల పేజీల రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లు చదివేవాళ్ళం, మన ప్రాణానికి సంబంధించిన నాలుగు పేజీలు చదవలేమా? పలక కొనొద్దు, మోసుకెళ్ళొద్దు. అక్కడే ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి పలకలు అద్దెకిస్తారు, కొత్తవాళ్ళకి అవే మంచివి.

అక్కడ అంబులెన్సు నంబరు 1990. దాని వెనక మనవాళ్ళ కథ ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 గుర్తుంది కదా, సత్యం రామలింగరాజు మొదలుపెట్టిన ఈఎమ్మారై. 2009 తర్వాత అది జీవీకే చేతికి వెళ్ళింది. భారత ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటుతో 2016లో శ్రీలంకలో సువ సెరియ పేరుతో ఇదే పద్ధతిలో అంబులెన్సు సేవ మొదలైంది, మొదట్లో నడిపింది జీవీకే ఈఎమ్మారై వాళ్ళే. సత్యం పేరెత్తితే మనకి ఇంకేవేవో గుర్తొస్తాయి. కానీ లంకలో పలక తగిలి తల పగిలితే వచ్చే బండి మూలం మాత్రం హైదరాబాదులో ఉంది.

ఇక నాలుగో వరస. దానికి షీటులో ఏ పేరు పెట్టాలో తెలీక "మర్యాద" అని రాశాను.

మనం శ్రీలంకని చవక దేశం అంటాం. మన రూపాయి ఇస్తే అక్కడ మూడు రూపాయల పైన వస్తుంది కాబట్టి. కానీ ఐక్యరాజ్యసమితి 2025లో ఇచ్చిన మానవాభివృద్ధి పట్టికలో 193 దేశాల్లో శ్రీలంకది 89వ స్థానం, మనది 130. తలసరి ఆదాయం కూడా వాళ్ళదే ఎక్కువ. ముప్పై ఏళ్ళ దగ్గరగా సాగిన యుద్ధం 2009లో ముగిసింది, 2019లో ఈస్టర్ పేలుళ్ళు, తర్వాత కరోనా, 2022లో దేశమే దివాలా, 2025 నవంబరులో దిత్వా తుఫాను. ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా ఆ లెక్క అది. "అభివృద్ధి చెందుతున్న దేశం" అని ఎవర్ని ఎవరు అనాలో కాస్త ఆలోచించుకోవాలి మరి.

అరుగం బే ఒడ్డు సంగతి ఇంకా ముఖ్యం. 2004 డిసెంబరు 26 సునామీలో శ్రీలంకలో 30,000 మందికి పైగా పోయారు, ఈ ఊరు కూడా తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత ప్రభుత్వం తీరం నుంచి కొంత దూరం దాకా ఇళ్ళు కట్టకూడదని గీత గీసింది. దక్షిణ, పశ్చిమ తీరాల్లో 100 మీటర్లు, తూర్పున 200 మీటర్లు. భద్రత కోసమే అన్నారు, సరే. కానీ హోటళ్ళకి వెసులుబాటు, జాలర్ల గుడిసెలకి అడ్డు అనేసరికి జనం రోడ్డెక్కారు. నయోమీ క్లైన్ 2007లో రాసిన షాక్ డాక్ట్రిన్ పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఈ గొడవ మీదే, అరుగం బే కథతోనే మొదలవుతుంది. ఇప్పుడు మనం "బీచ్ ఫ్రంట్ వ్యూ" అని ఫిల్టరు పెట్టి గది వెతికినప్పుడు, ఆ ముందు వరసలో ఒకప్పుడు ఎవరి వలలు ఆరేవో గుర్తుంచుకోవాలి. గది బుక్ చేసే ముందు అది ఎవరిదో అడగడం పెద్ద కష్టం కాదు. ఆ ఊరి కుటుంబం నడిపే చోట దిగి, ఆ ఊరి కుర్రాడి దగ్గరే నేర్చుకోవచ్చు.

ఇంకొకటి, బేరం. మా ఊళ్ళో ఒక మంచి పట్టుచీర దిగాలంటే మగ్గం మీద రోజులకి రోజులు కూర్చోవాలి. బెంగుళూరు నుంచి కారేసుకుని వచ్చినవాళ్ళు "డైరెక్టుగా నేసేవాళ్ళ దగ్గరే కొంటున్నాం కదా, సగానికివ్వు" అంటుంటే చిన్నప్పటి నుంచీ వింటున్నాను. గుంత మగ్గం సంగతి తెలుసా మీకు? వాన పడితే వేరుశనగ రైతు నవ్వుతాడు, మగ్గం గుంతలోకి నీళ్ళు ఊరి నేసేవాడి పని ఆగిపోతుంది. ఆ ఆగిన రోజుల కూలి బేరంలో ఎవరికీ కనబడదు. సర్ఫింగు నేర్పేవాడి బతుకూ అంతే. ఆరు నెలల సీజను, మిగతా ఆరు నెలలు ఖాళీ. 2024 అక్టోబరులో భద్రతా కారణాలతో అరుగం బే వెళ్ళొద్దని అమెరికా ఎంబసీ ఒక్క హెచ్చరిక ఇస్తే, సీజను చివర్లో వచ్చే ఆ నాలుగు డబ్బులకీ గండి పడింది. పాఠం ధర ముందే అడిగి, నచ్చితే ఒప్పుకుని, నచ్చకపోతే నమస్కారం పెట్టి వచ్చేయాలి. గంట నేర్పించాక సగం ఇస్తామనడం బేరం కాదు.

మనకీ అవతలి అనుభవం లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో వెలిగమకి దగ్గర్లోని ఉనవటునలో కొందరు విదేశీయులు తెల్లవాళ్ళకి మాత్రమే అని పార్టీ ప్రకటన వేశారు. లంక జనం భగ్గుమంటే రద్దు చేసుకున్నారు. క్లయింటు ఆఫీసుకొచ్చి కిటికీలోంచి ఆవుని ఫోటో తీసుకుంటే మనం లోపల్లోపల ఏమనుకుంటామో మనకి తెలుసు. పొత్తువిల్ వీధిలో కెమెరా పట్టుకుని మనమూ ఆ క్లయింటులా కనబడకూడదు కదా!

ఇంకా చిత్రమేంటంటే, అక్కడ మనవాళ్ళున్నారు. శ్రీలంకలో అహికుంటిక అనే సంచార జాతి వాళ్ళ ఇంటి భాష తెలుగు. పాములాడించడం, కోతులాడించడం, చెయ్యి చూసి జోస్యం చెప్పడం పాత వృత్తులు. వాళ్ళ ఊళ్ళలో ఒకటి, అలిగంబె, అరుగం బే ఉన్న అంపారా జిల్లాలోనే అక్కరైపత్తు దగ్గరుంది. ఇది తెలిసిన క్షణంలో మావాళ్ళు "అయితే వెళ్ళి వీడియో తీద్దాం" అన్నారు. వద్దన్నాను. ఎన్నో తరాలు పరాయి గడ్డ మీద తెలుగు నిలబెట్టుకున్న వాళ్ళు మన వ్లాగుకి వస్తువులు కారు. దారిలో కలిస్తే, వాళ్ళకి ఇష్టమైతే, నాలుగు మాటలు మాట్లాడదాం. అంతే.

ఇదీ మా ప్లాను. ముల్కిలో రెండు వారాంతాలు, ఈత పరీక్ష పాసైన వాళ్ళకి టిక్కెట్లు, ఆగస్టు లాంగ్ వీకెండుకి రెండ్రోజులు సెలవు కలిపి అరుగం బే. బేబీ పాయింటులో ఉదయం పూట పాఠాలు, మధ్యాహ్నం నిద్ర. మెయిన్ పాయింటుని ఒడ్డున కూర్చుని చూడటమే. ఈత రానివాడు ఉంటే వాడి కోసం అందరం వచ్చే ఏడాదికి వాయిదా వేస్తాం. అల ఎక్కడికీ పోదు, కొత్త బండి బయల్దేరుతూనే ఉంటుంది.

చివరిగా ఒక్క మాట. సర్ఫింగు మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా సరే, మీ పిల్లలకి ఈత నేర్పించండి. కోడింగు క్లాసుకి పంపే ముందు నేర్పించండి. మన బావులు ఎండిపోయాయి, ఆ బాకీ తీర్చాల్సింది మనమే. ఇంతకీ మీలో ఎంతమందికి ఈత వచ్చు? నిజం చెప్పండి, నాలుగడుగుల పూలు లెక్కలోకి రాదు :)